సర్వలఘువు నాయకత్వం: డ్రమ్మరు సారథ్యంలోని సోల్ జాజ్ ఆల్బమ్ – కొల్లేటి ప్రాంత లయసంప్రదాయాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

సంగీతబృందంలో లయవాద్యకారుడు సాధారణంగా పక్కవాద్యకారుడుగానే గుర్తింపు పొందుతాడు. అమెరికాలో 1960, 70 దశకాల్లో వచ్చిన సోల్ జాజ్ ఆల్బమ్‌లలో కొన్నింటికి డ్రమ్మర్లే సారథులయ్యారు. వాటిలో జో డ్యూక్స్ (1964), ఇడ్రిస్ ముహమ్మద్ (1970) ఆల్బమ్‌లు ఈ వ్యాసానికి ప్రధానవస్తువు. డ్రమ్మరు నాయకత్వం నాదంలో ఎక్కడ వినిపిస్తుందనే ప్రశ్నకు కర్ణాటక మృదంగశాస్త్ర పరిభాషలోని ‘సర్వలఘువు’ అనే భావన సమాధానం చెప్పగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏలూరు మృదంగ సంప్రదాయాన్ని, కలిదిండి–కైకలూరు ప్రాంతపు డప్పు దరువును ఈ వెలుగులో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సోల్ జాజ్, సర్వలఘువు, తని ఆవర్తనం, లయవిన్యాసం, దరువు, పక్కవాద్యం, ఇడ్రిస్ ముహమ్మద్, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో సంగీతవిమర్శ ప్రధానంగా గాత్రం చుట్టూ, సాహిత్యం చుట్టూ అల్లుకున్నది. వాగ్గేయకారుల రచనలపై పరిశోధన విస్తారంగా జరిగింది. లయవాద్యాలపై వచ్చిన రచనలు తక్కువ. వచ్చినవాటిలోనూ వాద్యనిర్మాణం, తాళలక్షణం, విద్వాంసుల జీవితవిశేషాలే అధికం. వాయించేటప్పుడు ఆ చేతులు ఏం చేస్తున్నాయన్న వర్ణన అరుదుగా కనిపిస్తుంది. ఇది నిన్నమొన్న ఏర్పడిన లోటు కాదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని రచించిన ‘నృత్తరత్నావళి’ (1253–54) మనకు దక్కింది. ఆయనే రచించినట్లు చెప్పే ‘వాద్యరత్నావళి’ దక్కలేదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్యచరిత్ర’లో వాద్యాల పేర్లను ధారాళంగా పేర్కొన్నాడు. వాటి మోత ఎలా నడిచేదో ఆ పట్టిక చెప్పదు.

ఈ లోటును చూడడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. సోల్ జాజ్‌లో లయవాద్యకారుడి పేరు అట్టమీదికెక్కిన సందర్భాలున్నాయి. పేరు ఎక్కిన తర్వాత అతడు చేసినదేమిటి? ఎక్కువ సోలోలు వాయించాడా? పక్కన కూర్చొని చేసే పనినే చేశాడా? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మృదంగానికి, డప్పుకు కూడా సంబంధించినదే.

2. సోల్ జాజ్ – స్థూలపరిచయం:

జాజ్ ఆఫ్రికన్ అమెరికన్ల సంగీతం. 1940లలో వచ్చిన బీబాప్ శైలిలో వేగం, స్వరసంక్లిష్టత పెరిగి, నృత్యశాలలోని శ్రోతకూ బృందానికీ దూరం ఏర్పడింది. 1950ల మధ్యనుండి కొందరు సంగీతకారులు మళ్లీ నల్లజాతివారి చర్చి గానాన్ని, బ్లూస్‌ను ఆశ్రయించారు. ఒకరు పిలువగా సమూహం బదులు పలికే పద్ధతి, సరళమైన పల్లవివంటి స్వరవాక్యం, కాలు కదిపించే నడక ఈ శైలికి లక్షణాలు. భజనగోష్ఠిలో ముందుపాటగాడు అందివ్వగా గుంపు అందుకొనే తీరు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. హేమండ్ ఆర్గన్ దీని ముఖ్యవాద్యమయింది. జిమ్మీ స్మిత్ ఆ వాద్యాన్ని జాజ్‌లో స్థిరపరిచాడు. 1958లో ఆర్ట్ బ్లేకీ ‘జాజ్ మెసెంజర్స్’ బృందం ధ్వనిముద్రించిన ‘మోనిన్’ ఈ మార్గంలో తొలి మైలురాళ్లలో ఒకటి. ఆ రచన పియానో వాద్యకారుడు బాబీ టిమ్మన్స్‌ది. బృందనాయకుడు బ్లేకీ మాత్రం డ్రమ్మరు.

డ్రమ్మరు నాయకుడు కావడం అప్పటికి వింత కాదు. 1930లలో న్యూయార్క్ సవాయ్ నృత్యశాలలో చిక్ వెబ్ తన బృందాన్ని డ్రమ్ముల వెనుకనుండే నడిపించాడు. బ్లేకీ నాయకత్వం మరొక తరహాది. యువవాద్యకారులను ఎన్నుకొని, వారితో రచనలు చేయించి, వేదికపై తీర్చిదిద్దాడు. లీ మోర్గన్, వేన్ షార్టర్ వంటివారు ఆ బృందంలో పనిచేసినవారే. గురుకులపతి వంటి నాయకత్వమది. అయితే అది బృందనిర్వహణకు సంబంధించిన నాయకత్వం. నాదంలోనే కనిపించే నాయకత్వాన్ని వెదకాలంటే సోల్ జాజ్ లోపలికి వెళ్లాలి.

ఇక్కడ డ్రమ్ సెట్‌ను గురించి ఒక మాట అవసరం. కుడికాలు బేస్ డ్రమ్‌ను, ఎడమకాలు హై-హ్యాట్ తాళాలను, ఎడమచేయి స్నేర్‌ను, కుడిచేయి సింబల్‌ను వాయిస్తాయి. పూర్వం ఇద్దరు ముగ్గురు చేసిన పనిని ఒక్కరికి అప్పగించినది కాలితొక్కుడు సాధనం. 1909లో లడ్విగ్ సోదరులు దానిని వాడుకకు అనువుగా తీర్చి అమ్మకానికి తెచ్చారు. బీబాప్‌లో కాలప్రమాణం ప్రధానంగా సింబల్‌మీద నడుస్తుంది; స్నేర్, బేస్ డ్రమ్‌లు మధ్యమధ్య వ్యాఖ్యానం చేస్తాయి. సోల్ జాజ్‌లో కాలప్రమాణం కిందికి, అంటే చర్మవాద్యాలకు దిగివచ్చింది. నాలుగక్షరాల ఆవృత్తిలో రెండు, నాలుగు అక్షరాలమీద స్నేర్ దెబ్బ స్థిరంగా పడుతుంది. సమంమీద బరువు మోపే మన అలవాటుకు ఇది కొంత ఎదురుగా ఉంటుంది. వినేవారి చప్పట్లు కూడా ఆ రెండు, నాలుగు అక్షరాలమీదే పడతాయి.

3. అట్టమీద డ్రమ్మరు పేరు – జో డ్యూక్స్:

1964లో ప్రెస్టీజ్ సంస్థ ‘ది సోల్‌ఫుల్ డ్రమ్స్’ అనే ఆల్బమ్‌ను జో డ్యూక్స్ పేరుతో తెచ్చింది. అందులో ఆర్గన్ జాక్ మెక్‌డఫ్, టెనర్ సాక్సఫోన్ రెడ్ హాలోవే, గిటార్ అప్పటికి ఇరవయ్యొక్కేళ్ల జార్జ్ బెన్సన్. వీరంతా కలిస్తే అది మెక్‌డఫ్ చతుష్టయమే. రోజూ మెక్‌డఫ్ నాయకత్వంలో వాయించే బృందం ఈ ఒక్క ఆల్బమ్‌కు డ్రమ్మరు పేరు పెట్టుకొన్నది. డ్యూక్స్ నాయకత్వంలో మరో ఆల్బమ్ రాలేదు.

ఇది గౌరవమా, విక్రయవ్యూహమా అనే సందేహం సహజం. రెండూ కావచ్చు. ఈ ఆల్బమ్‌లో మనుషులు మారలేదు, వాద్యాలు మారలేదు. వినవలసిన చోటు మారింది. అట్టమీద పేరు చూసినవాడు ఆర్గన్‌ను దాటి డ్రమ్ముల వైపు చెవి ఒగ్గుతాడు. అంతవరకు ఆధారంగా వినిపించినది విషయంగా వినిపిస్తుంది. కర్ణాటక కచేరీ రికార్డు అట్టమీద గాయకుని పేరు పెద్దక్షరాలలో, వయొలిన్, మృదంగ విద్వాంసుల పేర్లు చిన్నక్షరాలలో అచ్చువేయడం మామూలు. ఆ అక్షరాల కొలత శ్రోత చెవిని కూడా కొలిచిపెడుతుంది. డ్యూక్స్ ఆల్బమ్‌ను ఈ దృష్టితో వినడం పరిశోధకులకు మంచి అభ్యాసం.

4. వీధినుండి స్టూడియోకు – ఇడ్రిస్ ముహమ్మద్:

ఇడ్రిస్ ముహమ్మద్ (1939–2014) న్యూ ఆర్లీన్స్‌లో లియో మోరిస్ పేరుతో జన్మించాడు. 1960లలో ఇస్లాం స్వీకరించి పేరు మార్చుకొన్నాడు. పాతపేరుతోనే 1967లో లూ డొనాల్డ్‌సన్ ‘అలిగేటర్ బూగలూ’కు డ్రమ్స్ వాయించాడు. బ్రాడ్‌వేలో ‘హెయిర్’ సంగీతనాటకానికీ పనిచేశాడు. 1970 నాటికి ప్రెస్టీజ్ ధ్వనిముద్రణల్లో తరచుగా వినిపించే డ్రమ్మరు అతడు.

అతని వాద్యాన్ని అర్థం చేసుకోవడానికి అతని ఊరిని తెలుసుకోవాలి. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో వద్ద బానిసలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటులో డప్పులు మోగాయి. మరుసటి సంవత్సరం ఆ వలసరాజ్యం చేసిన చట్టం బానిసలు డ్రమ్ములు, కొమ్ములు వాయించడాన్ని నిషేధించింది. చర్మవాద్యపు మోత దూరాన ఉన్నవారికి కబురు చేరవేస్తుందని పాలకులకు అర్థమయింది. న్యూ ఆర్లీన్స్ చరిత్ర కొంత భిన్నం. అక్కడ 1817 నాటి నగరశాసనం బానిసల సమావేశాలను ఆదివారానికి, ఒక నిర్దిష్ట స్థలానికి పరిమితం చేసింది. కాంగో స్క్వేర్‌గా పేరుపొందిన ఆ మైదానంలో ఆఫ్రికా డ్రమ్ములు, నృత్యాలు బహిరంగంగా కొనసాగాయి. హద్దు గీసినా మోత ఆగలేదు.

ఆ నగరపు ఊరేగింపులలో బ్యాండు, దానితోపాటు నడిచే సంఘసభ్యులు మొదటి వరుస. వారిననుసరించి ఆడుతూ వచ్చే జనం ‘సెకండ్ లైన్’. శవయాత్రలో శ్మశానం వరకు విలంబగతిలో శోకగీతం వాయిస్తారు. ఖననం తర్వాత తిరుగుదారిలో దరువు మారుతుంది, జనం ఆడతారు. బేస్ డ్రమ్ ఒకరు, స్నేర్ మరొకరు మెడకు తగిలించుకొని నడుస్తూ వాయిస్తారు. ఈ శైలిలో ఒక అక్షరాన్ని రెండుగా విభజించేటప్పుడు ఆ రెండు భాగాలు పూర్తిగా సమానంగా ఉండవు. జాజ్ స్వింగ్‌లో వలె రెండింట ఒకటి నిష్పత్తిలోనూ ఉండవు. చతురశ్రానికీ తిశ్రానికీ నడుమ ఎక్కడో ఒదుగుతాయి. మన గతిభేదాల లెక్కలో ఆ చోటుకు పేరు లేదు. పాశ్చాత్య స్వరలిపిలోనూ గుర్తు లేదు. నడిచేవాడి అడుగులో మాత్రం అది తప్పకుండా పడుతుంది. ముహమ్మద్ ఈ ఇద్దరి పనినీ ఒక్క డ్రమ్ సెట్‌పైకి తెచ్చి, దానిని సోల్, ఫంక్ నడకతో కలిపాడు.

5. ‘బ్లాక్ రిథమ్ రెవల్యూషన్’:

ముహమ్మద్ నాయకత్వంలో వచ్చిన తొలి ఆల్బమ్ ‘బ్లాక్ రిథమ్ రెవల్యూషన్’. 1970 నవంబరు 2న న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ముద్రితమై, ప్రెస్టీజ్ ద్వారా వెలువడింది. నిర్మాత బాబ్ పోర్టర్. ట్రంపెట్ వర్జిల్ జోన్స్, సాక్సఫోన్ క్లారెన్స్ థామస్, ఎలక్ట్రిక్ పియానో హెరాల్డ్ మాబర్న్, గిటార్ మెల్విన్ స్పార్క్స్, బేస్ జిమ్మీ లూయిస్, కాంగా డ్రమ్ములు బడ్డీ కాల్డ్‌వెల్.

ఇందులో ఐదు రచనలున్నాయి. ‘ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్’ చార్లెస్ రైట్ బృందానికి 1970లో పేరు తెచ్చిన పాట. ‘సూపర్ బ్యాడ్’ జేమ్స్ బ్రౌన్‌ది. అది విడుదలయింది 1970 అక్టోబరులో. అంటే అంగళ్లలోకి వచ్చిన కొద్ది వారాలకే ముహమ్మద్ బృందం దానిని తన ఆల్బమ్‌లోకి తీసుకొన్నది. ‘సోల్‌ఫుల్ డ్రమ్స్’ జో డ్యూక్స్ ఆల్బమ్ శీర్షికను మోసినది. ‘వాండర్’, ‘బై ది రెడ్ సీ’ మిగిలిన రెండు.

ఈ ఎంపికలోనే డ్రమ్మరు ఆలోచన తెలుస్తుంది. గాయకుడు పాటను ఎన్నుకొనేటప్పుడు సాహిత్యాన్ని, స్వరాన్ని చూస్తాడు. ఇక్కడి ఎంపిక దరువులను చూసి జరిగిందనిపిస్తుంది. ‘సూపర్ బ్యాడ్’ మూలంలో డ్రమ్స్ వాయించినవాడు జాబో స్టార్క్స్. ‘సోల్‌ఫుల్ డ్రమ్స్’ డ్యూక్స్‌ది. ఒక డ్రమ్మరు తన తొలి ఆల్బమ్‌లో ముందుతరపు, సమకాలికపు డ్రమ్మర్ల దరువులను వరుసగా స్మరిస్తున్నాడు. పాట పైపేరు మాత్రమే. అసలు వంశవృక్షం లయది. జాజ్ చరిత్రకారులు ఇటువంటి ఆల్బమ్‌లను జనాదరణగీతాల అనుకరణలుగా తేలికచేసి చూడడం ఉంది. స్వరాన్ని మాత్రమే రచనగా లెక్కించినప్పుడు ఆ తీర్పు వస్తుంది. ముహమ్మద్ చేతిలో ‘సూపర్ బ్యాడ్’ గొంతును పోగొట్టుకొని, ఆ స్థానంలో న్యూ ఆర్లీన్స్ వీధి అడుగును పొందింది. పైగా కాంగా జోడింపుతో రెండు చర్మవాద్యాల సంభాషణ ఏర్పడింది. మృదంగానికి ఘటమో కంజీరయో తోడైనప్పుడు నడక ఎలా చిక్కబడుతుందో తెలిసినవారికి ఇది సులభంగా అందుతుంది.

ఆల్బమ్ పేరులోని ‘బ్లాక్’, ‘రెవల్యూషన్’ అనే మాటలు ఆనాటి నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమ వాతావరణానివి. విప్లవం ఎక్కడ ఉందని విన్నవారు అడగవచ్చు. నినాదం లేదు, ఉపన్యాసం లేదు. రెండు శతాబ్దాల క్రితం చట్టం నోరు నొక్కిన వాద్యం ఇక్కడ యజమానిస్థానంలో కూర్చొని, గొంతెత్తకుండా తన పని చేసుకొంటూ పోతుంది. ‘సోల్‌ఫుల్ డ్రమ్స్’లో డ్రమ్స్‌కు విడిగా చోటు దక్కినా, ఆల్బమ్ మొత్తంమీద ప్రాధాన్యం సోలోకు కాక నడకకే.

6. సర్వలఘువు – ఒక పరిభాష ప్రయోజనం:

‘గ్రూవ్’ అనే ఆంగ్లపదానికి తెలుగులో సమానార్థకం లేదని తరచుగా అంటారు. మృదంగశాస్త్రంలో దానికి అతిసమీపమైన మాట ఉంది. సర్వలఘువు అంటే తీర్మానాల లెక్కలకు పోకుండా, అక్షరకాలాన్ని నిరంతరం వినిపిస్తూ, గానంతో కలిసి ప్రవహించే వాదనం. మోహర, కోర్వై, తీర్మానం లెక్కకు చెందినవి. సర్వలఘువు నడకకు చెందినది. విద్యార్థికి తొలుత నేర్పేదీ ఇదే. విద్వాంసుడు జీవితాంతం సాధనచేసేదీ ఇదే. లెక్క తప్పితే వెంటనే దొరికిపోతుంది. సర్వలఘువు బాగుంటే ఎవరూ గమనించరు, పాట బాగుందంటారు.

మన విమర్శ మృదంగాన్ని తని ఆవర్తనంతో కొలుస్తుంది. గాత్రం ఆగిన పది పదిహేను నిమిషాలలో విద్వాంసుడు చూపే గణితప్రతిభే అతని ప్రతిభగా నమోదవుతుంది. (తని మొదలుకాగానే శ్రోతలు కాఫీకి లేస్తారన్న పాత సభాచమత్కారాన్ని బట్టి ఆ నమోదు కూడా ఎంతమంది చేస్తారో ఊహించవచ్చు.) మిగిలిన రెండు గంటల వాదనం విమర్శలో ‘చక్కగా సహకరించారు’ అన్న రెండు మాటలకు కుదించుకుపోతుంది. తనిలో లయకారుడు నాయకుడు కావడానికి పాట ఆగవలసివచ్చింది. సోల్ జాజ్‌లో పాట ఆగలేదు. సహకరించే పనినే మార్చకుండా, దానినే విషయంగా నిలబెట్టారు. ‘బ్లాక్ రిథమ్ రెవల్యూషన్’ను సర్వలఘువుతో నిండిన ఆల్బమ్ అనడం ఈ అర్థంలోనే.

ఈ పోలికకు హద్దులున్నాయి. కర్ణాటక తాళవ్యవస్థలోని దీర్ఘ ఆవర్తనాలు, గతిభేదాలు సోల్ జాజ్‌లో లేవు. అందులోని రెండు, నాలుగు అక్షరాల దెబ్బకు ఇక్కడ సరియైన ప్రతిరూపం లేదు. మృదంగవిద్వాంసుని సామాజికస్థానం, అమెరికా నల్లజాతి డ్రమ్మరు స్థానం ఒకటి కావు. ఇక్కడ పోల్చదగినది పని స్వభావం మాత్రమే.

7. ఏలూరు మృదంగం:

ఏలూరు ప్రాంతం కర్ణాటక వాద్యసంగీతానికి పేరెన్నికగన్నది. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి స్వగ్రామం సోమవరప్పాడు ఆ చుట్టుపక్కలదే. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌తో జాన్ మెక్‌లాలిన్, జాకీర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో పాల్గొని, జాజ్ శ్రోతలకూ పరిచితులయ్యారు. జాకీర్ హుస్సేన్ తబలా విద్వాంసులై ఉండీ సారథ్యం వహించిన ‘మేకింగ్ మ్యూజిక్’ (1987) లయవాద్యకారుడి నాయకత్వానికి భారతీయమైన ఉదాహరణ.

అయితే ప్రస్తుత విషయానికి అత్యంత సన్నిహితం నిడుమోలు సుమతి మార్గం. ఏలూరులో జన్మించి, తండ్రి నిడుమోలు రాఘవయ్య వద్ద మృదంగం అభ్యసించి, తర్వాత విజయవాడకు చెందిన దండమూడి రామమోహనరావుకు శిష్యురాలై, ఆయన సహధర్మచారిణి అయ్యారు. మృదంగం పురుషుల వాద్యంగా చలామణి అవుతున్న కాలంలో వేదికనెక్కారు. 2021లో భారతప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. ఈ దంపతులు కలిసి ప్రదర్శించిన లయవిన్యాసంలో మృదంగమే ప్రధానవాద్యం. దానికి గాయకుని అనుమతి అవసరం లేదు. మరో తెలుగు విద్వాంసులు ఎల్లా వేంకటేశ్వరరావు (పద్మశ్రీ, 2008) తొమ్మిది మృదంగాలను ఒక్కరే వాయించే నవమృదంగ ప్రక్రియతో ఇదే కోరికను మరో దారిలో తీర్చుకున్నారు. శ్రుతిభేదం గల మృదంగాలు చేరినప్పుడు లయవాద్యం స్వరవాద్యపు సరిహద్దును తాకుతుంది.

లయవిన్యాసం లయకారుడికి వేదికమధ్యభాగాన్ని ఇచ్చింది. అది విలువైన విజయం. కాని ఆ విన్యాసంలో ప్రశంస పొందేది మళ్లీ లెక్కే. సుమతి వంటి విద్వాంసురాలు దశాబ్దాలపాటు ఇతరుల పాటకు పోసిన సర్వలఘువు ఏ వ్యాసంలోనూ వర్ణితం కాకుండా ఆకాశవాణి ధ్వనిముద్రణలలో నిద్రిస్తుంది. ఒకే కృతికి భిన్న మృదంగవిద్వాంసుల సర్వలఘువును పక్కపక్కన పెట్టి, తొప్పి, వలంతల పాళ్లను, పల్లవి నుండి అనుపల్లవికి నడక మారే తీరును గుర్తించే పరిశోధన తెలుగుశాఖలూ సంగీతశాఖలూ కలిసి చేయదగినది. సాహిత్యపు విరుపుకూ దరువుకూ సంబంధం తేలేది కూడా అక్కడే.

8. కొల్లేటి గట్టున దరువు:

మృదంగంతో ఈ ప్రాంతపు లయచరిత్ర పూర్తికాదు. రాజరాజనరేంద్రుని తామ్రశాసనంతో చరిత్రలో నిలిచిన కలిదిండి, పక్కనున్న కైకలూరు, ఫాల్గుణమాసంలో పెద్దింట్లమ్మ జాతర జరిగే కొల్లేటికోట – ఈ గ్రామాల చెవిలో రోజూ పడే లయ సభామృదంగానిది కాదు. జాతరలో, పెళ్లిలో, చావులో ముందు నడిచేది డప్పు. కుడిచేతి చిర్ర, ఎడమచేతి చిటికెనపుల్ల రెండు భిన్నధ్వనులనిస్తాయి. వాయించేముందు మంటకు కాచి చర్మాన్ని బిగిస్తారు. సందర్భాన్నిబట్టి దరువు మారుతుంది. కనిపించనంత దూరంలో ఉన్నవాడికి కూడా ఆ ఊళ్లో జరుగుతున్నది పెళ్లో చావో తెలిసిపోతుంది. దక్షిణ కరోలినా పాలకులు భయపడినది సరిగ్గా ఈ శక్తికే.

డప్పు తయారీ, వాదనం సంప్రదాయికంగా మాదిగల వృత్తితో ముడిపడినవి. అనేకగ్రామాలలో డప్పుకొట్టడం కళగా కాక వెట్టిగా ఉండేది. ఊరేగింపులో అందరికంటే ముందు నడిచినవాడికి పందిట్లో చోటు ఉండేది కాదు. న్యూ ఆర్లీన్స్ బ్యాండుకూ ఈ బృందానికీ పనిలో పోలిక ఉన్నా, డప్పుకు స్టూడియో, అట్ట, పేరు దొరకలేదు. దానికి దొరికినది రాజకీయం. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆరంభమైన మాదిగ రిజర్వేషన్ పోరాటసమితి ‘దండోరా’ అనే పేరుతో జనంలోకి వెళ్లింది. ఊరిపెద్దల ఆజ్ఞను చాటడానికి వాయించిన వాద్యం పేరే హక్కుల ఉద్యమానికి పేరయింది. ‘బ్లాక్ రిథమ్ రెవల్యూషన్’ అనే శీర్షికకు తెలుగులో ఇంతకన్న దగ్గరి మాట దొరకదు.

సభామృదంగానికీ డప్పుకూ మధ్య గీచిన గీత వాద్యంలో లేదు. మృదంగపు మూతలు కూడా పశుచర్మాలే. టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ (2020) గ్రంథం తమిళనాడులో ఆ చర్మాన్ని సిద్ధంచేసి మృదంగాన్ని తయారుచేసే దళితక్రైస్తవ కుటుంబాల శ్రవణజ్ఞానాన్ని నమోదు చేసింది. ఆంధ్రదేశపు మృదంగ తయారీదారులపైనా అటువంటి గ్రంథం రావలసి ఉంది. ఇప్పటికి మృదంగవిద్వాంసులు పద్మపురస్కారాల పట్టికలో, డప్పుకళాకారులు సామాజిక పింఛన్ల పట్టికలో కనిపిస్తారు. పింఛను అవసరమైనదే, అది కళను అంచనా వేసే పద్ధతి మాత్రం కాదు.

9. దరువు ఎవరిది?

1969 నవంబరులో జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొన్ని క్షణాల డ్రమ్ దరువు ‘ఫంకీ డ్రమ్మర్’ పేరుతో 1970లో విడుదలయింది. తర్వాతికాలంలో హిప్‌హాప్ సంగీతకారులు దానిని కత్తిరించి వందలాది పాటలకు పునాదిగా వాడారు. రచయితగా నమోదయినది బ్రౌన్ పేరు. స్టబుల్‌ఫీల్డ్‌కు రచనహక్కు దక్కలేదు. పాటను స్వరంగా, సాహిత్యంగా నిర్వచించిన న్యాయవ్యవస్థకు దరువు రచనగా కనిపించలేదు. విమర్శలో ‘చక్కగా సహకరించారు’ అనే మాట చట్టంలోకి వెళ్తే ఈ రూపం ధరిస్తుంది.

భారతీయ కాపీరైట్ చట్టం (1957) 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులను చేర్చుకొన్నది. 2012 సవరణ వాటిని బలపరచి, ప్రదర్శన వాణిజ్యపరంగా వినియోగమైనప్పుడు రాయల్టీ పొందే అర్హతను ప్రదర్శకునికి కల్పించింది. ఈ నిర్వచనంలో వాద్యకారులూ ఉన్నారు. గాయకునికీ డప్పుకళాకారునికీ తేడా చూపలేదు. కాని అదే సవరణ ‘ప్రదర్శకుడు’ అనే మాటకు ఒక మినహాయింపును జతచేసింది. చలనచిత్రంలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనది లేదా ఆనుషంగికమైనది అయి, పరిశ్రమ ఆచారం ప్రకారం అతని పేరు చిత్రపు పేర్ల వరుసతో సహా ఎక్కడా ప్రకటితం కాకపోతే, తన ప్రదర్శనను వికృతపరచకుండా అడ్డుకొనే హక్కు మినహా మరి దేనికీ అతడు ప్రదర్శకుడు కాడు. తెలుగు చిత్రగీతాలలో జాతరపాటలకు, వీధిపాటలకు డప్పు తప్పనిసరి. కొల్లేటి జాతరలో వాయించే బృందాన్నే తెచ్చి తెరమీద నడిపించి, వారి పేర్లు చివర వేయకపోతే, ఆ దరువు వారిదో కాదో తేల్చే తొలి ఆధారం ఆ ఖాళీ స్థలమే అవుతుంది.